నిమ్మళం పాటల వరస

మా మనవరాలు క్యాసెట్టులో తనకు నచ్చిన పాటలు ఒకదాని వెనక ఒకటి ఎక్కించుకుంటుంది. అన్నీ ఒకే తీరు పాటలు. ఏది ముందు రావాలి, ఏది తరువాత రావాలి అని దానికో పద్ధతి. అది చూసి, ఈ పని నీకంటే ముందే నేను చేశానే అన్నాను. నమ్మలేదు. అయితే రాసుకో అని కూర్చోబెట్టాను. నాకు సంతకం తప్ప రాత రాదు. చెప్పేది నేను, రాసేది అది. తప్పులుంటే సగం దానివి.

మిద్దె కొట్టడం అని ఒక పని ఉండేది. మీలో ఎవరూ చూసి ఉండరు. దూలాల మీద ఇటుకలు నిలబెట్టి సున్నంతో పేర్చి, వాటి మీద ఇటుక ముక్కలూ సున్నమూ కలిపిన గచ్చు నాలుగు వేళ్ల మందాన పరుస్తారు. అది గట్టిపడాలంటే ఆడవాళ్లు రెండు వరసల్లో ఎదురెదురుగా కూర్చుని చేతి కొయ్యలతో కొట్టాలి. ఏడెనిమిది రోజులు, పొద్దున ఎక్కితే పొద్దు వాలేదాకా. నడుమ నడుమ కరక్కాయా బెల్లమూ నానబెట్టిన నీళ్లు చల్లుతారు. మొదట్లో కొయ్య తడి నేల మీద పడ్డట్టు ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ ఆ చప్పుడు సన్నబడి, కడపటి రోజు కంచు పళ్లెం మీద కొట్టినట్టు మోగుతుంది. అప్పుడు మిద్దె అయినట్టు.

చంటిబిడ్డను జోకొట్టినట్టు కొట్టాలి. గట్టిగా కొడితే పైన గచ్చు అణిగినట్టే కనిపిస్తుంది, కింద ఇటుకలు కదిలిపోతాయి. ఆ సంగతి వానాకాలం వచ్చి చెబుతుంది. పైగా పన్నెండు మంది చేతులు ఒకే తీరున లేవాలి, ఒకే తీరున దిగాలి. అందుకే పాట. చెప్పేది ఒకతె, అందుకునేది తక్కినవాళ్లు.

మా జట్టుకు పాట చెప్పేది ఒక ముసలామె. పుంగనూరు పక్క పల్లె. అందరం పెద్దమ్మా అని పిలిచేవాళ్లం. చెయ్యి పాట మాట వింటుందని ఆమె నమ్మకం. పాటలో కోపం ఉంటే చేతికి కోపం వస్తుంది, పాటలో తొందర ఉంటే చేతికి తొందర వస్తుంది. వయసులో ఉన్నప్పుడు ఒకసారి అత్తాకోడళ్ల పాట చెప్పిందట. "అత్తలంతా ఒక తీరు కొట్టినారు, కోడండ్లంతా ఇంకో తీరు కొట్టినారు. మిద్దె మధ్యలో కాలవ పడె" అని చెప్పి నవ్వించేది. అప్పటి నుంచి ఏరి ఏరి తొమ్మిది పాటలే పెట్టుకుంది. అన్నీ ఉన్నదానితో సర్దుకుని హాయిగా బతికేవాళ్ల పాటలు. వాటికి నిమ్మళం పాటలని ఆమే పేరు పెట్టింది. వరస తప్పనిచ్చేది కాదు. పొద్దున మొదటిది తిండి పాట, సంగటిలోకి రోట్లో నూరుకునే ఊరుబిండి పాట.

రాగిసంగటి ముద్ద, రవ్వంత ఊరుబిండి,
ఇంతకన్నా ఏమి కావాల, అమ్మల్లారా,
ఇంతకన్నా ఏమి కావాల.

ఎండ ముదిరి నడుములు పీకే వేళకు కోక పాట.

ఒకటే కోక నాది, ఉతికి ఆరేసినాను,
ఆరేదాకా నీళ్లలోనే ఉంటాను,
చేపలతో కష్టం సుఖం చెప్పుకుంటాను.

ఇది వచ్చేసరికి అందరికీ లోపల నవ్వు పుట్టేది. నవ్వొచ్చిన చెయ్యి బిగుసుకోదు. పొద్దు వాలేటప్పుడు గుడిసె పాట.

తలుపు లేని గుడిసె నాది, తాళమెందుకు,
దొంగ వస్తే కూర్చోబెట్టి నీళ్లిస్తాను,
పోతా పోతా దీపమార్పి పొమ్మంటాను.

ఉన్నవాళ్ల ఇళ్ల మీద కూర్చుని ఈ పాట పాడేవాళ్లం. కింద ఇంటాయన తన పెట్టెలకు తాళాలు వేసుకుంటూ ఉండేవాడు. అందులో విడ్డూరం మాకూ కనిపించేది కాదు, ఆయనకూ కనిపించేది కాదు.

నా గొంతు పుట్టుకతోనే బొంగురు. జల్లెడలో గులకరాళ్లు ఆడించినట్టు ఉంటుందని మా ఆయన అనేవాడు. ఆయన మదనపల్లెలో సున్నం గానుగ తోలేవాడు. గాడిలో రాతిచక్రం తిరిగితే, దాన్ని లాగే ఎద్దుల వెనక ఆయన తిరిగేవాడు. మూడు దినాల జ్వరంతో పోయాడు. అప్పటికి బిడ్డకు రెండేళ్లు. బిడ్డను మా అమ్మ దగ్గర పెట్టి నేను మిద్దెలు కొట్టే జట్టులో చేరాను.

మొదటి పని పుంగనూరులో. మొదటి రోజే పెద్దమ్మ నా కొయ్య పడే తీరు చూసింది.

"ఈ పాప చెయ్యి దూదిపింజ మాదిరి ఉండాది. నా పక్కన కూసోబెట్టండి."

పాట అందుకోగానే తల తిప్పి నన్ను ఎగాదిగా చూసింది. "గొంతేంది పాపా, ఉప్పు మూట ఈడ్చినట్టు ఉండాది. నువ్వు నోరాడించు సాలు, గొంతు తియ్యద్దు."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అలా రెండేళ్లు ఆమె ఎడమ పక్కన కూర్చుని నోరాడించాను. గొంతు తీయకపోయినా తొమ్మిది పాటలూ వరసతో సహా లోపలికి దిగిపోయాయి.

కుప్పం పని వచ్చేసరికి తెల్లవాళ్ల యుద్ధం ముదిరి ఉంది. కలప దొరకదు, మేకులు దొరకవు. మిద్దె కట్టేవాళ్లే తగ్గిపోయారు. మా మేస్త్రి పుంగనూరు సాయబు, మంచి పనివాడు, మాట దాచుకునే మనిషి కాదు. బయలుదేరే ముందే అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు.

"అబద్ధం సెప్పనమ్మా. కుప్పం మిద్దె అయినాక పన్నెండు మందికి నేను పని సూపించలేను. ముగ్గురు నిలిచిపోవాల. ఎవరనేది ఆడ పని సూసి సెప్తా."

జట్టులో అందరికంటే వెనక చేరింది నేను. ముగ్గురిలో మొదటిదాన్ని నేనేనని ఎవరూ అనలేదు, అందరికీ తెలుసు. నాకు వేరే పని రాదు. బిడ్డ, అమ్మ, నేను, ముగ్గురం ఆ కొయ్య మీదే బతుకుతున్నాం.

కుప్పంలో ఇల్లు ఒక ధాన్యం వ్యాపారిది. నడిమింటి మీద మిద్దె. మేముండేది వెనక దొడ్లో ఎడ్ల కొట్టంలో. సున్నం గానుగ కూడా ఆ దొడ్లోనే, దాన్ని తోలేది ఆ ఊరి ముసలాయన. మేం గానుగ తాత అనేవాళ్లం. మూడు దినాలు పని నున్నగా సాగింది. నాలుగో నాడు పెద్దమ్మకు చలిజ్వరం వచ్చింది. పళ్లు టకటకలాడుతున్నాయి, పాట రావడం లేదు. గచ్చు ఆగదు గదా. సగంలో ఆపితే ఒక చోట రాయి అవుతుంది, ఒక చోట పిండి అవుతుంది.

"వరస ఎవరికొచ్చు?" అని అడిగాడు మేస్త్రి.

పెద్దమ్మ దుప్పట్లోంచి చెయ్యి బయటికి తీసి నన్ను చూపించింది.

"దానికి గొంతు యాడుండాది?" అంది మాలో ఒకామె.

"గచ్చుకు గొంతెందుకే. వరస కావాల" అంది పెద్దమ్మ, వణుకుతూనే.

ఇంటావిడ గడపలో నిలబడి వింటూ ఉంది. "కొత్త మిద్దె మీద మొగుడు పోయినామె పాటేంది మేస్త్రీ?" అంది.

"ఇన్ని దినాలు పాడిన ముసలామెకు మొగుడు ఉండాడా తల్లీ? సున్నానికేం తెలుస్తాది" అన్నాడు మేస్త్రి. ఆవిడ లోపలికి పోయింది.

పొద్దున పూట వరస తప్పకుండానే చెప్పాను. గొంతు గరగరమంటోంది గానీ చేతులు ఒకటిగానే పడుతున్నాయి. అదే చాలు అనుకోవాల్సింది. మధ్యాహ్నం అయ్యేసరికి కింద వీధిలో నలుగురు చేరారు. పాట వింటూ ఒకడు పైకి చూసి, "ఏమక్కా, కప్పను మిద్దె ఎక్కించినారా?" అన్నాడు. ఇంకొకడు, "సావింట్లో పాడినట్టు ఉండాది. హుషారుగా ఏదన్నా సెప్పరాదా" అన్నాడు. వీధంతా నవ్వింది. మా వరసలో కూడా ఇద్దరు నవ్వారు.

నాకు ముఖం మండిపోయింది. రెండేళ్లు నోరాడించిన నోరు అది. గొంతు తీసిన మొదటి రోజే కప్ప అయింది. ఇంతేనా నువ్వు అని మేస్త్రి అనుకుంటే, బిడ్డను ఏం పెట్టి సాకాలి? కోక పాట అయిపోయింది. తరువాత రావాల్సింది నీడ పాట, తొమ్మిదిలోకీ నెమ్మదైనది. దాన్ని పక్కనపెట్టి, మదనపల్లెలో జాతర నాడు ఆడపిల్లలు పాడుకునే కోలాటం పాట ఒకటి ఎత్తుకున్నాను. కాళ్లు నిలవనివ్వని పాట. నా బొంగురు గొంతు దానికి అతికినట్టు కుదిరింది. మావాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని నవ్వుతూ అందుకున్నారు. కొయ్యలు పరిగెత్తాయి. కింద వీధి చప్పట్లు కొట్టింది. ఇంటావిడ కూడా బయటికి వచ్చి నిలబడింది. మేస్త్రి ఆ సమయానికి ఇసుక బండి కోసం పోయి ఊళ్లో లేడు. నేను ఆ పాటను మూడుసార్లు చెప్పాను.

సాయంత్రం మేస్త్రి వచ్చి నడిమింట్లోకి పోయాడు. నేల మీద సున్నం పొడి రాలి ఉంది. తల ఎత్తి చూస్తే రెండు దూలాల నడుమ ఇటుకల సందులు విచ్చుకున్నాయి. కర్రతో తట్టాడు. డొల్ల చప్పుడు. దూలానికీ దూలానికీ నడుమ భాగాన్ని అర అంటాం. ఆ అర తీసేసి మళ్లీ పేర్చాల్సిందే.

వ్యాపారి దొడ్లోకి వచ్చాడు. "సున్నంలో తేడా ఉండాది. గానుగాయన బూడిద కలిపినాడు. ఇంకేముండాది ఇందులో?"

గానుగ తాత భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "తలకాయ నెరిసేదాకా ఇదే గానుగ తోలినాను సామీ. నేను కలపలే."

"రేపటి నుంచి నువ్వు రావద్దు. ఇంకొకరిని సూసుకుంటాం."

మా ఆడవాళ్లు నా వైపు చూసి, తలలు దించుకున్నారు. నన్ను కాపాడుతున్నామని వాళ్ల లెక్క. నేనూ నోరు విప్పలేదు. ఇది మాత్రం మా మనవరాలు రాయనంటే రాయించాను. నేను నోరు విప్పలేదు.

కొట్టంలోకి వచ్చి పెద్దమ్మ పక్కన కూర్చున్నాను. ఆమె కళ్లు మూసుకునే ఉంది.

"కోక పాట అయినాక ఏం పాడినావు?" అంది.

"నీడ పాటే."

"నీడ పాటకు కొయ్యలు పరిగెత్తవే. ఈడ పండుకోనుంటే ఈ గోడ సెప్పింది నాకు."

అప్పుడు ఏడుపొచ్చింది. కప్ప అన్నారని చెప్పాను, జాతర పాట సంగతి చెప్పాను, ముగ్గురిలో నేనే పోతానని చెప్పాను. ఆమె తిట్టలేదు. దుప్పట్లోంచి చెయ్యి తీసి నా మోకాలి మీద పెట్టింది. చెయ్యి కాలిపోతోంది.

"నన్ను మేక అనేవాళ్లులే పాపా, కొత్తల్లో" అంది. ఆ వెంటే అడిగింది. "గానుగాయన సంగటి తిన్నాడా?"

"తెలీదు."

"కనుక్కోని రా."

దీపాలు పెట్టే వేళ. తాత గానుగ గాడి పక్కన కూర్చుని ఎద్దు మెడకు, కాడి ఒరుసుకున్న చోట, ఆముదం రాస్తున్నాడు. సంగటి ముద్ద ఆకులో అట్లాగే ఉంది. మా ఆయన కూడా ఇంటికి వచ్చాక ఎద్దుకు ఆముదం రాసేదాకా అన్నానికి కూర్చునేవాడు కాదు.

"తినలేదేం తాతా?"

"తింటాలేమ్మా." ఆముదం రాసే చెయ్యి ఆగింది. "నాకు కన్ను సరిగా ఆనడంలే. బట్టీలో బూడిద యాడన్నా కలిసి వచ్చిందేమో, నేను సూసుకోలేదేమో. ఆయన అంత గట్టిగా సెప్తాంటే నాదే తప్పేమో అనిపిస్తాండాది."

మాట పడ్డాడంటే ఓర్చుకునేదాన్నేమో. తన చేతి పని మీద తనకే అనుమానం పుట్టింది. అది నేను పెట్టింది.

అక్కడి నుంచి నేరుగా మేస్త్రి దగ్గరికి పోయాను. నమాజు చేసుకుని చాప చుట్టుకుంటున్నాడు.

"మేస్త్రన్నా, తప్పు సున్నంలో లే. నా పాటలో ఉండాది."

"ఏం పాట?"

చెప్పాను.

"పాడు."

ఆ దొడ్లో, ఒక్కదాన్నే నిలబడి, ఆ జాతర పాట పాడాల్సి వచ్చింది. అంతకంటే సిగ్గు నా జన్మలో లేదు. ఆయన తొడ మీద వేలితో తాళం వేసుకుంటూ విని, రెండో చరణంలోనే చెయ్యి ఎత్తాడు.

"సాలు. దీనికి కొండైనా పగుల్తాది."

ఆయన లోపలికి పోయి వ్యాపారితో చెప్పింది మేం దొడ్లోంచి విన్నాం. "సామీ, సున్నం బాగుండాది. తప్పు మా జట్టుది, నాది. ఆ అర తీసి మళ్లీ కట్టిస్తాను." ఎవరిదని చెప్పలేదు. తరువాత తాత దగ్గరికి పోయి గాడి గట్టు మీద కూర్చుని, ఆ చల్లారిన సంగటి ముద్దను విరిచి, సగం తాను తిన్నాడు, సగం ఆయన చేత తినిపించాడు.

కదిలిన ఇటుకలు తీసి, మళ్లీ పేర్చి, గచ్చు పరవడానికి రెండు దినాలు పట్టింది. తక్కిన మిద్దెను మేమంతా పాట లేకుండా, ఒకరి చెయ్యి ఒకరు చూసుకుంటూ కొట్టాం. మూడో నాడు కొత్త అర దగ్గరికి రాగానే మేస్త్రి నన్ను పిలిచాడు.

"నువ్వే సెప్పాల."

"నేనా? సెడగొట్టినదాన్ని గదన్నా."

"వరస తప్పితే ఏమైతాదో ఈ పన్నెండు మందిలో నీకు తెలిసినట్టు ఎవురికి తెలుసు?"

పెద్దమ్మకు జ్వరం దిగింది గానీ లేచి కూర్చునే బలం లేదు. నేనూ వస్తానని పట్టుబట్టింది. నులకమంచంతో సహా పైకి ఎక్కించి, ఈతాకుల చాప అడ్డం కట్టి, నా వెనకే పడుకోబెట్టారు. నా వీపు మీద అరచెయ్యి ఆనించింది. తిండి పాట ఎత్తుకున్నాను. నాకు తెలియకుండా పాట తొందరపడిందంటే ఆ చెయ్యి బరువయ్యేది. సర్దుకుంటే తేలికయ్యేది. మాటతో చెప్పింది ఒక్కటీ లేదు.

మధ్యాహ్నానికి వీధిలో వాళ్లు మళ్లీ చేరారు.

"కప్పక్కా, ఈ దినం హుషారు లేదా?"

నా గొంతు తడబడింది. ఎదుటి వరసలోంచి ఒకామె, నాకు గొంతు లేదని పెద్దమ్మకు జ్వరం వచ్చిన నాడు అన్నామెనే, కొయ్య ఆపకుండా తల మాత్రం వంచి కిందికి చూసింది. "హుషారు కావాలంటే మీ ఇంటికి పోప్పా. నీ పెండ్లాం సేట సేతబట్టుకోని ఎదురు సూస్తాంటాది."

పైనా కిందా నవ్వారు. నేను నీడ పాటలోకి దిగాను. అరవడం మానేసి, పక్కనున్నవాళ్లతో మాట్లాడుకునేంత గొంతుతో చెప్పాను. నా గొంతుకు అదే సరైన ఎత్తు అని అప్పుడు తెలిసింది. వినాలంటే వాళ్లు కొయ్యలు మెల్లగా వెయ్యాలి. వేశారు. పొద్దు వాలేసరికి తొమ్మిదీ అయ్యాయి. మరునాడు తొమ్మిది. ఆ మరునాడు తొమ్మిది. అట్లా ఏడు దినాలు. చివరి నాడు కొయ్య మోగింది, కొత్త అరలోనూ పాత అరలోనూ ఒకే మోత. గానుగ తాత నిచ్చెన ఎక్కి వచ్చి, కంటికి ఆనని మనిషి గదా, అరచేత్తో మిద్దెనంతా తడుముకుంటూ పోయాడు.

ఆ సాయంత్రం మేస్త్రి మమ్మల్ని కూర్చోబెట్టాడు. ఇద్దరి పేర్లు చెప్పాడు. మూడో పేరు దగ్గర ఆగి నేల చూశాడు. నేను కొయ్యను చెంగులో చుట్టుకుని సిద్ధంగానే ఉన్నాను.

"మూడోది నేను" అంది పెద్దమ్మ.

"నువ్వు పోతే పాటెవరు సెప్తారు?"

"ఈ ఏడు దినాలు సెప్పింది ఎవురు, నువ్వా?"

నేను వద్దన్నాను, కాళ్లు పట్టుకున్నాను. "మిద్దె ఎక్కాలంటే నన్ను మంచంతో మోయాల. ఎన్నాళ్లు మోస్తారు?" అని నవ్వేసింది. నా బిడ్డ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే నేను ఒప్పుకునేదాన్ని కాదని ఆమెకు తెలుసు.

సిమెంటు వచ్చేదాకా ఆ జట్టుకు పాట చెప్పింది నేనే. సిమెంటు పాట వినదు. మా బిడ్డ పెళ్లి, మా అమ్మ మందులు, అన్నీ ఆ తొమ్మిది పాటల మీదే జరిగాయి. జట్టులో పని నేర్చుకునే పిల్లలు నన్ను అడిగేవాళ్లు, తప్పు చేస్తే ఎట్లా బయటపడాలి అని. నాకేం తెలుసు. నేను బయటపడలేదు, ఇంకొకామె బయటికి నడిచింది.

కుప్పం నుంచి తిరుగు దారిలో మేమెక్కింది, పెట్రోలు కరువు రోజులు గదా, బొగ్గుతో నడిచే బస్సు. పలమనేరు చేరకముందే ఒక ఎత్తు ఎక్కలేక నిలిచిపోయింది. అందరూ దిగారు. డ్రైవరు బస్సు వెనక ఉన్న డబ్బాలో బొగ్గులు కెలకడం మొదలుపెట్టాడు. నేను పెద్దమ్మను పట్టుకుని దించి, గట్టు వారగా చింతచెట్టు నీడలో కూర్చోబెట్టాను. మామూలుగా అయితే అలాంటి చోట నేను తిరిగేదాన్ని, పుల్లలు ఏరేదాన్ని, ఏదో ఒకటి చేసేదాన్ని. ఆ రోజు ఆమె పక్కన కూర్చున్నాను.

"పాపా, వరస సెప్పు" అంది.

"ఇప్పుడా? ఈడేం మిద్దె ఉండాది పెద్దమ్మా?"

"ఇన్నేండ్లు పాడినాను గానీ ఒక్కనాడూ కూసోని వినలే. చేతిలో కొయ్య లేకుండా ఎట్లుంటాదో సూస్తాను."

మొదటి నుంచి మొదలుపెట్టాను. నా చేతులు ఒడిలో ఊరకే పడి ఉన్నాయి, వాటిని ఏం చెయ్యాలో తెలియలేదు. తిండి పాటకు ఆమె పెదాలు కదిలాయి. కోక పాటకు నవ్వింది, ఆ చేపల మాటలు ఎవరో కొత్తగా చెప్పినట్టు. నీడ పాట సగంలో నా భుజం మీదికి ఒరిగి నిద్రపోయింది. సన్నగా గుర్రు పెడుతోంది. నేను ఆపలేదు.

బస్సు దడదడమని కదిలే చప్పుడు చేసింది. అందరూ ఎక్కుతున్నారు. డ్రైవరు మసి చేతులు తుడుచుకుంటూ మా దగ్గరికి వచ్చాడు.

"ఎక్కండమ్మా, పోదాం."

"రవ్వంతసేపు ఉండప్పా. ఇంకా రెండు పాటలు ఉండాయి" అన్నాను.

ఆయన ఆమెను చూశాడు, నన్ను చూశాడు. చెవి సందులోని బీడీ తీసి వెలిగించుకుని, గట్టు మీద కూర్చున్నాడు.